విరిగిన బోల్టును బయటికి తీయడం ఎలా: పాత కారు రిపేరులో వరుసగా చేయాల్సిన పనులు

స్పానర్ మీద బలం వేసినప్పుడు తుప్పు పట్టిన బోల్టు ‘కిర్రు’మంటే సంతోషించాలి. థ్రెడ్లు విడిపోయాయన్నమాట. చప్పుడేమీ లేకుండా, రబ్బరు ముక్కను మెలిపెడుతున్నట్టు మెత్తగా తిరుగుతుంటే మాత్రం చెయ్యి అక్కడే ఆపాలి. పైన తల తిరుగుతోంది, లోపల థ్రెడ్లు కదలడం లేదు, మధ్యలో కాడ మెలి తిరిగిపోతోంది. చాలామంది ఆ మెత్తదనం చూసి ‘వచ్చేస్తోంది’ అనుకుంటారు. ఇంకాస్త తిప్పగానే టక్‌మని తల చేతికొస్తుంది, మిగతా ముక్క ఇంజిన్‌లో ఉండిపోతుంది.

నేనూ అలా అనుకున్నవాణ్నే. బోల్టు విరగడం వల్ల జరిగే నష్టం నిజానికి తక్కువ. విరిగాక వచ్చే టెన్షన్‌లో, చేతికి దొరికిన డ్రిల్లు పట్టుకుని మొదటి పది నిమిషాల్లో చేసే పనే కొంప ముంచుతుంది. అందుకే ఈ పనికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఇప్పుడు చేసే ప్రయత్నం కుదరకపోయినా, తర్వాతి ప్రయత్నానికి దారి మిగలాలి. నూనె పోస్తే ఏదీ చెడదు. వేడి చేస్తే, జాగ్రత్తగా ఉంటే, ఏదీ చెడదు. వెల్డింగ్ ఊడొస్తే మళ్లీ వేసుకోవచ్చు. డ్రిల్లు మాత్రం ఒకసారి పక్కకు పోయిందంటే ఆ లోహం తిరిగి రాదు. కింద రాసిన వరుస ఆ లెక్కన పెట్టిందే.

1. ముందు చూడండి, కొలవండి

విరిగిన తల ముక్కను పారేయకండి. అదే వరుసలో అదే సైజు బోల్టు బయట ఒకటి ఉంటే, దాని పొడవులోంచి ఈ ముక్క పొడవు తీసేయండి. లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది. తర్వాత డ్రిల్లు ఎక్కడ ఆగాలో చెప్పేది ఈ కొలతే. కొన్ని బోల్టుల బెజ్జం అడుగున మూసి ఉంటుంది, దాని వెనకే నీటి దారో ఆయిల్ దారో ఉండొచ్చు. కొన్నింటి బెజ్జం తిన్నగా ఆ దారిలోకే తెరుచుకుంటుంది. ఏది ఏమిటో రిపేరు పుస్తకంలో చూసుకోవాలి, ఊహించకూడదు.

ఎప్పుడు విరిగిందన్నది రెండో ప్రశ్న. బిగిస్తుండగా విరిగితే ముప్పావు వంతు పని అయినట్టే. థ్రెడ్లు పట్టేయలేదు, తల పోగానే బోల్టులోని లాగుడు కూడా పోయింది. సన్నటి ఉలి మొనతో అంచు మీద తిరగాల్సిన వైపు చిన్న చిన్న దెబ్బలు కొడితే చాలాసార్లు వేళ్లతోనే వచ్చేస్తుంది. విరిగిన ముఖంలో సగం నున్నగా, ఆటుపోట్ల గీతల్లా వంపు చారలతో, మిగతా సగం గరుకుగా కనిపిస్తే అది ఎప్పటినుంచో కొద్దికొద్దిగా చీలుతూ వచ్చి విరిగిన బోల్టు. అదీ సాధారణంగా లోపల వదులుగానే ఉంటుంది. విప్పుతుండగా మెలితిరిగి విరిగిందే అసలు తలనొప్పి.

అందులోనూ ఒక తేడా ఉంది. థర్మోస్టాట్ మూత, నీటి పంపు లాంటి చోట్ల బోల్టు పట్టేది ఎక్కువసార్లు థ్రెడ్ల దగ్గర కాదు, అల్యూమినియం మూతలోంచి వెళ్లే పొడవాటి బెజ్జంలో. అక్కడ ఇనుము, అల్యూమినియం, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మూడూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి తెల్లటి పొడి పుట్టిస్తాయి. ఆ పొడి కాడ చుట్టూ సిమెంటులా గడ్డకడుతుంది. మూతను వేడిచేసి, చెక్క సుత్తితో అటూ ఇటూ తడుతూ పైకి లాగేస్తే కింద మంచి పొడవున్న ముక్క నిలబడి ఉంటుంది. సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఇక ఎగ్జాస్ట్ మేనిఫోల్డు (ఇంజిన్ పొగను సైలెన్సర్ గొట్టంలోకి చేర్చే భాగం) స్టడ్లు, అంటే తల లేని బోల్టులు. ఇవి ఎక్కువగా రెండు చివర్లలో విరుగుతాయి. వేడికి మేనిఫోల్డు, అది బిగించి ఉన్న హెడ్డు (సిలిండర్ల మీద ఉండే ఇంజిన్ పైభాగం) కంటే ఎక్కువ సాగుతుంది, ఆ సాగుడంతా చివరి స్టడ్ల మీద పడుతుంది. ఒకటి విరిగిందంటే రెండో చివర స్టడ్డును స్పానర్‌తో ముట్టుకోకుండా ముందు నూనె, వేడి మొదలుపెట్టండి.

ఇంకో చిన్న మాట: కొన్ని పాత కార్లలో ఎడమవైపు చక్రాల స్టడ్లకు ఎడమ థ్రెడ్డు ఉంటుంది. తిప్పే దిక్కే తప్పయితే ఈ వ్యాసమంతా చదివినా లాభం లేదు.

2. నూనె, సుత్తి, ఒక రాత్రి

తుప్పు తను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. థ్రెడ్ల మధ్య వెంట్రుకవాసి సందులో అది ఉబ్బి మేకులా బిగుస్తుంది. ముందుగా వైర్ బ్రష్‌తో పైతుప్పు గీకేయండి. తర్వాత తుప్పులోకి ఇంకే పలచటి నూనె వేయండి. మామూలు ఇంజిన్ ఆయిల్ చిక్కన, లోపలికి వెళ్లదు. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె, ఎసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. బాగానే పనిచేస్తుంది కానీ రెండూ కలిసి ఉండవు, వేసే ముందు ప్రతిసారీ కుదపాలి. పెయింటు మీద పడితే పెయింటు పోతుంది, నిప్పుకు ఇట్టే అంటుకుంటుంది.

నూనె వేసిన పది నిమిషాలకే స్పానర్ పెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. సాయంత్రం వేసి, రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి వేసి, పొద్దున చూడండి. మధ్యమధ్యలో విరిగిన ముఖం మీద నిటారుగా మొద్దు పంచ్ ఆనించి సుత్తితో పది పదిహేను దెబ్బలు వేయండి. గట్టిగా అక్కర్లేదు, టకటకమని చాలు. ఆ అదురుకు తుప్పు పొర పగుళ్లిస్తుంది, నూనె ఆ పగుళ్లలోంచి దిగుతుంది.

3. వేడి

ఇనుప పనిముట్లన్నీ కలిపి చేయలేని పని చాలాసార్లు వేడి చేస్తుంది. అయితే ఏ లోహాన్ని వేడిచేస్తున్నారో తెలిసి చేయాలి.

అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. డిగ్రీకి ఉక్కు పది లక్షల్లో 12 వంతులు సాగితే అల్యూమినియం 23 వంతులు సాగుతుంది. కాబట్టి అల్యూమినియం హెడ్డులో ఉక్కు బోల్టు ఇరుక్కుంటే చుట్టుపక్కల మొత్తాన్నీ వేడిచేస్తే బెజ్జమే పెద్దదవుతుంది. దీనికి హాట్ ఎయిర్ గన్ చాలు. నీటి చుక్క వేస్తే చిటపటమని ఎగిరిపోయేంత వేడి వస్తే ఆగండి. అంతకు మించి గ్యాస్ టార్చి మంటతో కాలిస్తే లోహం బలం తగ్గుతుంది. పైగా శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పోత మిశ్రమాలు ఇంకా ముందే. కరిగే ముందు ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. ఉన్నట్టుండి కూలిపోతుంది.

పోత ఇనుములో లెక్క వేరు. అక్కడ రెండు లోహాలూ ఇంచుమించు ఒకేలా సాగుతాయి, అందుకే బోల్టు ముక్కనే ఎర్రగా కాల్చాలి. అది ఉబ్బాలనుకుంటుంది, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము ఉబ్బనివ్వదు, దాంతో తనలో తనే నలిగిపోతుంది. చల్లారాక మొదటికంటే కాస్త సన్నబడుతుంది. తుప్పు పొర విరిగేది అప్పుడే. పూర్తిగా చల్లారకముందే, ఎరుపు పోయి ఇంకా వేడిగా ఉన్నప్పుడు కొవ్వొత్తిని థ్రెడ్ల అంచుకు తాకించండి. మైనం కరిగి సందులోకి పీల్చుకుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మశక్యం కాలేదు, ఇప్పుడు కొవ్వొత్తి లేకుండా పని మొదలుపెట్టను.

రెండు హెచ్చరికలు. ఇంతకుముందు పోసిన నూనెను, ముఖ్యంగా ఎసిటోన్‌ను, శుభ్రంగా తుడవకుండా మంట వెలిగించొద్దు. పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్లు, బ్రేకు నూనె దగ్గర్లో ఉంటే అసలే వద్దు. రెండోది ఇంకా ముఖ్యం: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన వాయువే అది. డబ్బా మీద రాసింది చదవండి.

4. ముక్క పైకి మిగిలి ఉంటే

రెండు నట్ల ఎత్తు థ్రెడ్డు కనిపిస్తుంటే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి గట్టిగా బిగించి, కింది నట్టును స్పానర్‌తో విప్పండి. థ్రెడ్డు చెడితే ఆకురాయితో రెండు వైపులా చదును చేసి వైస్ గ్రిప్ (పట్టుకున్నాక లాక్ అయ్యే పట్టకారు) పట్టించండి. వైస్ గ్రిప్ జారితే మిగిలిన కాస్త లోహమూ గుండ్రంగా అరిగిపోతుంది కాబట్టి స్క్రూ బాగా బిగించి, ‘క్లిక్’మనడానికి బలం పట్టేలా పెట్టుకోండి. రోలర్ రకం స్టడ్ ఎక్స్‌ట్రాక్టర్ ఉంటే ఇంకా మంచిది. తిప్పేకొద్దీ మరింత బిగించి పట్టుకుంటుంది.

ఏది వాడినా తిప్పే పద్ధతి ఒకటే: విప్పే వైపే లాగకండి. ముందు బిగించే వైపు ఒక చిన్న కుదుపు. కదలిందా? తర్వాత విప్పే వైపు. కొంచెం వచ్చాక మళ్లీ వెనక్కి, మళ్లీ నూనె. రాలిన తుప్పు పొడిని బయటికి తోయడానికే ఈ ముందువెనకల ఆట. బిగిసినట్టు అనిపించిన ప్రతిసారీ వెనక్కి వెళ్లాలి. ఒక్కో బోల్టుకు అరగంట పడుతుంది, పట్టనివ్వండి.

5. నట్టు వెల్డింగ్

ముక్క అంచుతో సమంగానో, రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికో విరిగితే డ్రిల్లు కంటే ముందు ఆలోచించాల్సింది ఇదే. మీకు వెల్డింగ్ రాకపోతే వచ్చినవాళ్లను పిలవండి. అందులో నామోషీ లేదు.

ముందుగా బ్యాటరీ టెర్మినళ్లు తీసేయండి, ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఉన్న కారైతే దాని ప్లగ్గు కూడా. ఎర్త్ క్లాంపు పని జరిగే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. ముక్క ముఖాన్ని తళతళలాడేలా శుభ్రం చేయండి. దాని మీద, బోల్టు కంటే ఒక సైజు పెద్ద నట్టు పెట్టండి. ఎం8 (8 మి.మీ. వ్యాసం) బోల్టుకు ఎం10 నట్టు అనుకోండి, మధ్యలో కరిగిన లోహం పోయడానికి చోటు ఉంటుంది. ముక్క లోపలికి ఉంటే ముందు దాని మధ్యలో వెల్డు చుక్క మీద చుక్క వేస్తూ అంచు దాకా పెంచి, తర్వాత వాషరు, దాని మీద నట్టు. తెల్లగా మెరిసే జింకు పూత నట్లు వద్దు. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పూత లేని నల్ల నట్టు వాడండి.

మిగ్ వెల్డింగ్ యంత్రం (వైరునే కరిగించి అతికే రకం) వైరు నట్టు మధ్యలోంచి ముక్క నడిబొడ్డుకు తగలాలి. వెల్డు ముందు బోల్టు ముక్కను పట్టాలి, తర్వాతే నట్టు గోడకు పాకాలి. కొత్తవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు: నట్టు అందంగా వెల్డవుతుంది, ముక్కకు అంటదు, తిప్పగానే ఊడొస్తుంది. అల్యూమినియం హెడ్డయితే ఒక సౌకర్యం ఉంది. ఉక్కు వైరు అల్యూమినియంకు అతకదు కాబట్టి పొరపాటున గోడకు తగిలినా ముక్క హెడ్డుకు అతుక్కుపోదు. పోత ఇనుములో ఆ ధీమా పనికిరాదు.

వెల్డు అయ్యాక ఎరుపు పోయే దాకా ఆగండి. నీళ్లు కొట్టకండి. వేడి తగ్గుతుండగా మైనం తాకించి, స్పానర్‌తో అటొక మిల్లీమీటరు ఇటొక మిల్లీమీటరు ఊపండి. నట్టు ఊడొస్తే గీకి మళ్లీ వేయండి. రెండుసార్లు, మూడుసార్లు, ఐదుసార్లు. ప్రతి ప్రయత్నంలోనూ ముక్క ఇంకోసారి ఎర్రబడి చల్లారుతుంది. అంటే పట్టు ఊడిన వెల్డు కూడా మీ పని కొంత చేసిపెట్టే పోతుంది.

6. డ్రిల్లు

వెల్డింగ్ యంత్రం దూరే చోటు లేకపోతేనో, ముక్క బాగా లోతుగా ఉంటేనో ఇక డ్రిల్లు. ఇక్కడ మొత్తం కథ నడిబొడ్డు మీదే నడుస్తుంది.

విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, బిట్టు పల్లంలోకి జారుతుంది. అందుకే ముందు చిన్న గ్రైండరు రాయితో ముఖం చదును చేయండి. కేంద్రం గుర్తించడానికి విడగొట్టిన భాగాన్నే వాడుకోవచ్చు: మూతనో మేనిఫోల్డునో మిగతా బోల్టులతో మళ్లీ బిగించి, దాని బెజ్జంలో సరిగ్గా పట్టే గొట్టం ముక్క దూర్చితే అదే మీకు గైడు. లేత్ మీద తిప్పించిన గైడైతే ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. గైడు లేకపోతే సెంటర్ పంచ్‌తో మెల్లగా ఒక చుక్క పెట్టి, భూతద్దంలో చూసి, పక్కకు ఉంటే పంచ్‌ను ఏటవాలుగా పట్టి చుక్కను నడిపించుకుంటూ రండి. నడిమికి వచ్చాకే గట్టి దెబ్బ.

బిట్టు పదునైనది, కోబాల్టు రకం. దొరికితే ఎడమ వైపు తిరిగే బిట్టు. డ్రిల్లును వెనక్కి తిప్పుతూ బెజ్జం చేస్తుంటే, బిట్టు కరుచుకున్న క్షణంలో ముక్క దానంతట అదే బయటికి తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను. ముందు 3 మి.మీ. బెజ్జం, లోతు గుర్తుగా బిట్టుకు టేపు చుట్టండి. స్పీడు తక్కువ, ఒత్తిడి ఎక్కువ, కటింగ్ ఆయిల్ ధారాళంగా. స్ప్రింగులా చుట్టలు చుట్టుకున్న తురుము వస్తే సరిగ్గా వెళ్తోంది. పొడి రాలుతూ పొగ వస్తుంటే బిట్టు కోయడం లేదు, రుద్దుతోంది. అలా రుద్దితే ముఖం ఇంకా గట్టిపడుతుంది, అదీ స్టెయిన్‌లెస్ అయితే మరీను. కళ్లద్దాలు తప్పనిసరి.

3 తర్వాత 5, ఆ తర్వాత థ్రెడ్డు అడుగు దాకా. ట్యాపు అంటే బెజ్జంలో థ్రెడ్డు కోసే పనిముట్టు; ఎం6×1.0 బోల్టుకు (× తర్వాతి అంకె థ్రెడ్డుకూ థ్రెడ్డుకూ మధ్య దూరం) ట్యాపు బెజ్జం 5.0 మి.మీ., ఎం8×1.25కు 6.8, ఎం10×1.5కు 8.5, ఎం10×1.25కు 8.8. నేను ఎం8 అయితే 6.5 దగ్గరే ఆగుతాను. నడిమి సరిగ్గా కుదిరితే మిగిలేది కాగితంలాంటి గొట్టం. దాన్ని సన్నటి ఉలితో లోపలికి మడిచి, కొక్కెం మొనతో పట్టి లాగితే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వస్తుంది. తర్వాత ట్యాపుతో థ్రెడ్లు శుభ్రం చేయాలి, కొత్తగా కోయకూడదు. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి.

7. ఎక్స్‌ట్రాక్టర్ గురించి కొంచెం కటువుగా

బెజ్జంలో కొట్టి ఎడమకు తిప్పితే బోల్టు వచ్చేస్తుందని అమ్మే ఆ శంకువు ఆకారపు మెలికల ముక్క గురించి నా అభిప్రాయం మంచిది కాదు. ఆలోచించండి: స్పానర్ పెట్టి తిప్పినా, మొత్తం ఎం8 కాడ బలానికి రాని బోల్టు, దాని లోపల దూరిన 4 మి.మీ. ముక్క బలానికి వస్తుందా? పైగా శంకువు లోపలికి దిగేకొద్దీ బోల్టు గోడను బయటికి నెట్టి మరింత బిగిస్తుంది. వదులుగా ఉన్న ముక్కను తీయడానికి అది బాగుంటుంది. పట్టేసిన దానికి కాదు. వాడక తప్పదంటే నిలువు గాళ్లున్న తిన్నటి రకం ఎంచుకోండి, వేడి చేసిన వెంటనే వాడండి, చేతికి ఆ రబ్బరు మెత్తదనం తగలగానే ఆపేయండి.

ఎందుకంటే అది లోపల విరిగితే మామూలు బిట్టు దాన్ని గీకలేదు కూడా. ఒక థర్మోస్టాట్ మూత పనిలో నేను సరిగ్గా అదే చేశాను. మధ్యాహ్నం గంటలో అయ్యే పని మూడు రోజులైంది. చివరికి డై గ్రైండరుకు కార్బైడ్ బర్ (చాలా గట్టి లోహపు అరగదీసే మొన) పెట్టి, ఆవగింజంత ఆవగింజంత అరగదీసి తీశాను. భాగం విప్పి తీసుకెళ్లగలిగేదైతే స్పార్క్ ఎరోజన్ యంత్రం (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచేది) ఉన్న వర్క్‌షాపు దాన్ని శుభ్రంగా కాల్చి తీసేస్తుంది.

8. థ్రెడ్డు పోతే

బెజ్జం పక్కకు పోయి థ్రెడ్లు దెబ్బతింటే కథ ముగిసినట్టు కాదు. హెలికాయిల్ అనే స్టెయిన్‌లెస్ చుట్ట ఉంది. ఎం8కు దాదాపు 8.3 మి.మీ. బెజ్జం చేసి, కిట్టుతో వచ్చే ప్రత్యేక ట్యాపు కొట్టి, చుట్టను ఎక్కించి, అడుగున ఉన్న చిన్న తోకను పంచ్‌తో విరగ్గొట్టి బయటికి తీసేయాలి. ఆ తోక సిలిండరులోకి జారకుండా చూసుకోండి. అల్యూమినియంలో ఇలా వేసిన థ్రెడ్డు అసలు దానికంటే గట్టిగా నిలుస్తుంది. గోడ బాగా తినేసి ఉంటే చుట్ట బదులు గట్టి బుష్ రకం ఇన్‌సర్ట్ నయం.

9. కొత్త బోల్టు

పాత బోల్టు తల మీద 8.8 అని ఉంటే అదే 8.8 కొనండి. మొదటి అంకె వందతో గుణిస్తే తెగే బలం మెగాపాస్కల్స్‌లో, రెండోది అందులో ఎన్ని పదో వంతుల దగ్గర శాశ్వతంగా సాగిపోతుందో. ‘ఇంకా గట్టిది’ అని 12.9 వేసి ఎక్కువ బిగిస్తే, అది విరగకుండా బదులుగా హెడ్డులోని థ్రెడ్డును పెరుక్కొస్తుంది.

బెజ్జంలో నూనె, తురుము ఏమీ మిగలకుండా ఊదేయండి. అడుగు మూసిన బెజ్జంలో నూనె ఉండగా బోల్టు బిగిస్తే ఆ నూనెకు పోయే దారి లేక పోత లోహాన్నే చీల్చగలదు. ఎగ్జాస్ట్ వైపు రాగి లేక నికెల్ ఉన్న యాంటీ సీజ్ (థ్రెడ్లు పట్టేయకుండా రాసే పేస్టు) రాయండి. అది రాశాక మాత్రం పుస్తకంలోని టార్కును (బోల్టును తిప్పి బిగించాల్సిన బలం) అలాగే వాడకండి. బిగించే బలంలో ఎక్కువ భాగం, సుమారు 90 శాతం, రాపిడికే పోతుంది. మిగిలినదే బోల్టును లాగేది. రాపిడి తగ్గించి అదే టార్కు పెడితే బోల్టు మీద లాగుడు చాలా పెరుగుతుంది. యాంటీ సీజ్ డబ్బా మీద రాసిన తగ్గింపు చూసి పెట్టుకోండి.

కొత్త బోల్టు మొదట వేళ్లతోనే చివరిదాకా దిగాలి. మధ్యలో ఎక్కడ ఆగినా స్పానర్ తీసుకోకుండా బయటికి తీసి, ట్యాపు ఇంకోసారి నడిపించండి. బిగించాక బోల్టు తల మీద ఒక గుర్తు గీసుకుని, ఇంజిన్ వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారాక ఆ గుర్తుతో పోల్చి ఒకసారి చూడండి. మేనిఫోల్డు దగ్గరైతే చల్లటి ఇంజిన్ స్టార్టు చేసిన మొదటి నిమిషంలో ‘టిక్ టిక్’మనే చప్పుడు వినిపిస్తే గ్యాస్కెట్ (మధ్యలో వేసే సీలు పొర) ఇంకా సరిగ్గా కూర్చోలేదన్నమాట.